"ఫస్ట్ అరబ్ ఉమన్": ఆ మాట వెనక ఎవరున్నారు, ఏం పోగొట్టుకున్నారు, ఏం సాధించారు

మార్చి 8 దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇన్‌స్టాలోనూ "స్ఫూర్తినిచ్చే అరబ్ మహిళలు" అంటూ కార్డులు తిరుగుతుంటాయి. ఒక ఫొటో, కింద రెండు లైన్ల కొటేషన్, దాని కింద "ఫస్ట్ అరబ్ ఉమన్ టు..." అని ఏదో ఒక ఘనత. చదువుతాం, బాగుందనిపిస్తుంది, ఫార్వర్డ్ చేసేస్తాం. అందులో తప్పేం లేదు, వాళ్లలో చాలామంది నిజంగానే అంత పని చేసినవాళ్లు. కాకపోతే ఆ మాట ఎప్పుడన్నారు, అన్నందుకు ఏమైంది, ఆ టైమ్‌కి అక్కడ చట్టం ఎలా ఉంది, అసలు ఆవిడే అన్నారా, ఇవేవీ కార్డులో ఉండవు. ఇవి తెలియకపోతే ఆ మాటల బరువు మనకి అందదు, అందుకే ఒక్కో చిక్కుముడీ విప్పుకుంటూ వెళ్దాం.

అరబ్ వేరు, ముస్లిం వేరు

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. అరబ్ అనేది మతం పేరు కాదు, ముఖ్యంగా అరబిక్ భాషతోనూ దాని చుట్టూ పెరిగిన సంస్కృతితోనూ వచ్చే గుర్తింపు. అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి, పడమట మౌరిటానియా, మొరాకో నుంచి తూర్పున ఒమన్ దాకా. ఇరాన్ అందులో లేదు, వాళ్లది పర్షియన్. టర్కీ లేదు, పాకిస్తాన్ లేదు. కాబట్టి మలాలా యూసఫ్‌జాయ్ అరబ్ కాదు, ఆమె పష్తూన్. గణితంలో ఫీల్డ్స్ మెడల్ గెలిచిన మొదటి మహిళ మరియం మీర్జాఖానీ, నోబెల్ శాంతి బహుమతి అందుకున్న షిరీన్ ఎబాదీ, ఇద్దరూ ఇరాన్ వాళ్లు. వీళ్లని అరబ్ లిస్టులో కలిపేయడం చూస్తూనే ఉంటాం.

అటువైపు నుంచి చూస్తే అరబ్‌లందరూ ముస్లింలు కూడా కాదు. లెబనాన్, ఈజిప్ట్, సిరియా, పాలస్తీనాల్లో తరతరాలుగా ఉన్న క్రైస్తవులు లక్షల్లో ఉన్నారు. అల్ జజీరా రిపోర్టర్ షిరీన్ అబూ అక్లే జెరూసలెం క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పాలస్తీనా అరబ్.

ఇక అసలు చిక్కు నాదియా మురాద్ దగ్గర వస్తుంది. 2018 నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు, దేశం ఇరాక్, ఇరాక్ అరబ్ లీగ్‌లో ఉంది, కాబట్టి అరబ్ మహిళ అని రాసేస్తారు. కానీ ఆమె యజీదీ, అంటే ఇరాక్‌లో వేరే మతం ఉన్న ఒక చిన్న సమూహం మనిషి, ఇంట్లో మాట్లాడేది కుర్మాంజీ అనే కుర్దిష్ భాష. 2014 ఆగస్టులో ఐసిస్ వాళ్లు ఆమె ఊరు కోచో మీద పడింది అక్కడివాళ్లు యజీదీలనే. తన గుర్తింపు కారణంగానే అంతమంది అయినవాళ్లని పోగొట్టుకున్న మనిషిని వేరే గుర్తింపు కింద పెట్టి పొగడటం నాకు సరిగ్గా అనిపించదు. మొరాకో, అల్జీరియాల్లో అమాజిగ్ (బెర్బర్ అని కూడా అంటారు, అరబ్‌ల కంటే ముందు నుంచీ అక్కడున్నవాళ్లు) ఆడవాళ్ల విషయంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది, కొందరు తమని అరబ్ అంటే ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అంతెందుకు, నిజాం సైన్యంలో పనికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డ వాళ్ల వారసులు ఈరోజు అరబ్‌లా, హైదరాబాదీలా అంటే ఒక్క ముక్కలో జవాబు దొరకదు.

ఆ మాట నిజంగా ఆవిడదేనా

ఈజిప్ట్ డాక్టర్, రచయిత్రి నవాల్ అల్ సాదావి ఫొటోతో బాగా తిరిగే మాట ఒకటుంది, నేను నిజం మాట్లాడుతున్నాను, నిజం క్రూరంగానూ ప్రమాదకరంగానూ ఉంటుంది అన్న అర్థంలో. అది సాదావి ఇంటర్వ్యూలో అన్న మాట కాదు. 1970ల్లో ఆమె ఒక జైల్లో ఉరిశిక్ష పడ్డ ఓ మహిళని కలిశారు, ఆ కలయిక నుంచి ఒక నవల రాశారు, అందులో ఫిర్దౌస్ అనే పాత్ర తనని నిందించినవాళ్ల మాట చెప్పి దానికి ఇచ్చే జవాబు ఇది. తేడా చిన్నదే అనిపించొచ్చు, కానీ ఒక డాక్టర్ చెప్పిన సూక్తిలా చదవడం వేరు, ఉరికంబం ముందున్న మనిషి నోటి నుంచి వినడం వేరు.

సాదావి సొంత జీవితం ఏ కొటేషన్‌కీ తీసిపోదు, కాస్త ఆగి చెప్పుకోవాల్సిందే. 1931లో నైలు డెల్టాలోని కఫ్ర్ తహ్లా అనే పల్లెలో పుట్టారు. ఆరేళ్ల వయసులో ఆమెకి జననాంగ కోత చేశారు. పెరిగి డాక్టరయ్యాక దాని గురించి బాహాటంగా రాశారు, 1972లో ఆ రాతల వల్లే ఆరోగ్య శాఖలో ఉద్యోగం పోయింది. 1981లో అధ్యక్షుడు సాదాత్ ప్రభుత్వం జైల్లో పెడితే, అక్కడ పెన్నూ పేపరూ ఇవ్వకపోతే, ఐబ్రో పెన్సిల్‌తో టాయిలెట్ పేపర్ మీద రాసుకున్నారు. ఈజిప్ట్‌లో ఆ కోతని చట్టం నేరంగా ప్రకటించింది 2008లో. అంటే ఆమె మొదట నోరు విప్పినప్పటి నుంచి చట్టం వచ్చేసరికి మూడు దశాబ్దాలు దాటిపోయాయి, చట్టం వచ్చాక కూడా ఆ ఆచారం పూర్తిగా పోలేదు.

పాత చరిత్రలో కూడా ఇలాంటివి ఉన్నాయి. "ప్రపంచంలో మొదటి యూనివర్సిటీ పెట్టింది ఫాతిమా అల్ ఫిహ్రీ" అని చదివే ఉంటారు. 859లో మొరాకోలోని ఫెజ్‌లో అల్ ఖరవీయీన్ మసీదు ఆమె కట్టించారన్నది కథ. ఈ కథ మనకి దొరికేది దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత, 14వ శతాబ్దంలో రాసిన చరిత్రలో. ఆ మసీదులోనే బయటపడ్డ ఒక పాత శాసనం వేరే పేరు, 877 అనే వేరే ఏడాది చెప్తోంది. అందుకని కొందరు చరిత్రకారులు ఆమె అసలు ఉందా అని అనుమానిస్తారు, మిగతావాళ్లు ఫెజ్ జనం ఇన్ని వందల ఏళ్లు చెప్పుకున్న జ్ఞాపకాన్ని ఊరికే కొట్టిపారేయలేం అంటారు. ఇంకో సంగతి, మొదట్లో అది మసీదు, చదువుల కేంద్రంగా తర్వాత ఎదిగింది, ఇప్పటి అర్థంలో యూనివర్సిటీగా మారింది 20వ శతాబ్దంలో.

"ఆస్ట్రోలేబ్ మరియం" సంగతి తమాషా కాదు, బాధ. 10వ శతాబ్దపు అలెప్పోలో సైఫ్ అల్ దౌలా కొలువులో నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరాలు చేసే మహిళ ఉన్నమాట వాస్తవం, ఇబ్న్ అల్ నదీమ్ రాసిన గ్రంథాల పట్టికలో ఒక్క లైన్ ఉంది, కానీ అందులో ఆమెని అల్ ఇజ్లీ కూతురనే అన్నారు. మరియం అన్న పేరు అక్కడ లేదు, పరికరాన్ని ఆమే కనిపెట్టిందనీ లేదు, ఆ పరికరం ఆమెకంటే చాలా పాతది. ఆ కాలంలో ఒక మహిళ రాజు కొలువులో ఇంత సూక్ష్మమైన పనిముట్లు చేసిందన్న నిజమే సరిపోతుంది కదా, దానికి లేనిపోని కిరీటాలు పెడితే రేపెవరో వచ్చి అబద్ధమని తేల్చినప్పుడు ఆ ఉన్న ఒక్క లైనూ పోతుంది.

సందర్భంతో సహా సరిగ్గా నమోదైన మాటలూ ఉన్నాయి. జనానికి దగ్గరగా ఉండాలనే జర్నలిజం ఎంచుకున్నానని, పరిస్థితిని మార్చడం తేలిక కాకపోవచ్చు గానీ కనీసం వాళ్ల గొంతు ప్రపంచానికి చేర్చగలిగానని షిరీన్ అబూ అక్లే తన చానల్ వార్షికోత్సవం వీడియోలో చెప్పారు. 2022 మే 11న వెస్ట్ బ్యాంక్ పట్టణం జెనిన్‌లో, ప్రెస్ అని రాసున్న జాకెట్ వేసుకుని రిపోర్టింగ్‌లో ఉండగా తూటా తగిలి చనిపోయారు. అది ఇజ్రాయెల్ దళాల వైపు నుంచి వచ్చిందని ఐరాస మానవ హక్కుల కార్యాలయం చెప్పింది, తమ సైనికుడి తూటానే పొరపాటున తగిలి ఉండే అవకాశం ఎక్కువని ఇజ్రాయెల్ సైన్యం కొన్ని నెలల తర్వాత ఒప్పుకుంది.

ఈజిప్ట్ ఉదాహరణ: రైల్వే స్టేషన్ నుంచి ఓటు దాకా

ఒక దేశాన్ని పట్టుకుని వరసగా చూస్తే ఇదంతా ఎలా జరిగిందో తెలుస్తుంది. హుదా షారావి 1879లో బాగా డబ్బున్న ఇంట పుట్టారు, అంతఃపురంలోనే పెరిగారు. 1919లో బ్రిటిష్ వాళ్లకి వ్యతిరేకంగా ఈజిప్ట్ లేచినప్పుడు ఆడవాళ్లని కైరో వీధుల్లోకి తీసుకొచ్చారు. స్వాతంత్ర్యం కోసం పక్కన నిలబడ్డ మగ నాయకులే తర్వాత ఓటు హక్కు దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్లని పక్కన పెట్టారు. 1923లో ఈజిప్షియన్ ఫెమినిస్ట్ యూనియన్ పెట్టారు, అదే ఏడాది రోమ్‌లో మహిళల సదస్సుకి వెళ్లొచ్చి కైరో స్టేషన్‌లో దిగుతూ ముఖం మీద ముసుగు తీసేశారు. ఆవిడ తీసింది ముఖాన్ని కప్పే తెరని, ఇప్పుడు మనం హిజాబ్ అంటున్న తల మీది గుడ్డని కాదు. ఈ రెండూ కలిపేసి నేటి హిజాబ్ గొడవల్లో ఆవిడ ఫొటో వాడేస్తుంటారు.

అయినా ఓటు రాలేదు. 1951 ఫిబ్రవరిలో దొరియా షఫీక్, పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసొచ్చిన మనిషి, సుమారు 1500 మంది ఆడవాళ్లతో నేరుగా పార్లమెంటు లోపలికి వెళ్లిపోయారు. 1954లో కొత్త రాజ్యాంగం రాసే కమిటీలో ఒక్క మహిళ కూడా లేదని నిరాహారదీక్షకి కూర్చున్నారు. మనకి పొట్టి శ్రీరాములు గారి దీక్ష 1952లో, అంటే ఇంచుమించు అదే కాలం. 1956 రాజ్యాంగంలో ఓటు ఇచ్చారు, కానీ మగవాళ్లకి లేని ఒక షరతు ఆడవాళ్లకి పెట్టారు, చదవడం రాయడం వచ్చి ఉండాలని. మరుసటి ఏడాది, 1957లో, అధ్యక్షుడు నాసర్ నియంతృత్వానికి వ్యతిరేకంగా మళ్లీ దీక్ష చేశారు, ఈసారి ఆవిడ వెళ్లి కూర్చున్నది కైరోలోని మన ఇండియన్ ఎంబసీలో. తర్వాత గృహ నిర్బంధం. పేపర్లలో ఆవిడ పేరు రాయకుండా చేశారు. 1975లో చనిపోయేనాటికి కొత్త తరంలో చాలామందికి ఆవిడెవరో తెలియదు. ఓటు ఇచ్చిన ప్రభుత్వమే ఓటు అడిగిన మనిషిని మాయం చేసింది, ఇదే సంగతి అరవై ఏళ్ల తర్వాత ఇంకో దేశంలో మళ్లీ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క దారే లేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. జైనబ్ అల్ గజాలీ అనే అమ్మాయి మొదట షారావి యూనియన్‌లోనే చేరి, ఇది మన దారి కాదని బయటికొచ్చి, 1936లో పద్దెనిమిదేళ్ల వయసులో సొంతంగా ముస్లిం మహిళల సంఘం పెట్టారు. ఆడవాళ్లకి కావాల్సిన హక్కులన్నీ ఇస్లాంలోనే ఉన్నాయి, యూరప్ నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదన్నది ఆవిడ వాదన, ఆవిడ కూడా నాసర్ జైళ్లలో ఏళ్ల తరబడి ఉన్నారు. మొరాకో సోషియాలజిస్ట్ ఫాతిమా మెర్నిస్సీ మూడో దారి పట్టారు, మతం వదిలేయకుండా, ఆడవాళ్లకి వ్యతిరేకంగా వాడే హదీసులు (ప్రవక్త మాటలుగా, చేతలుగా చెప్పుకునేవి) ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పినవాళ్లని ఎంత నమ్మొచ్చు అని పాత గ్రంథాల్లోకే వెళ్లి వెతికారు. సాదావి మాత్రం మతం, పెట్టుబడి, మగ అధికారం, ఇవన్నీ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయన్నారు. నాకు ఈ ముగ్గురిలో సాదావి మాటే ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది, అయితే అరబ్ ఆడవాళ్లందరి తరఫునా ఏ ఒక్కరూ మాట్లాడలేరని మిగతా ఇద్దరినీ చదివితేనే అర్థమవుతుంది.

సౌదీ డ్రైవింగ్: ఇచ్చారా, సాధించుకున్నారా

సౌదీలో ఆడవాళ్లు కారు నడపకూడదని ట్రాఫిక్ చట్టంలో రాసి లేదు, లైసెన్స్ ఇచ్చేవారు కాదు అంతే. 1990 నవంబర్ 6న 47 మంది మహిళలు రియాద్‌లో కార్లు నడిపారు. ఉద్యోగాల నుంచి తీసేశారు, పాస్‌పోర్టులు లాక్కున్నారు, మసీదుల్లో వాళ్ల పేర్లు చదివి తిట్టారు. 2011 మేలో ప్రభుత్వ చమురు కంపెనీ అరామ్‌కోలో పనిచేసే మనాల్ అల్ షరీఫ్ కారు నడుపుతూ వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే తొమ్మిది రోజులు జైల్లో పెట్టారు. "వాన ఒక్క చుక్కతోనే మొదలవుతుంది" అన్న ప్రసిద్ధ వాక్యం ఆవిడదే. 2014లో లుజైన్ అల్ హత్లూల్ యూఏఈ నుంచి సొంతంగా కారు నడుపుకుంటూ సరిహద్దు దాకా వచ్చారు, 73 రోజులు నిర్బంధించారు.

2017 సెప్టెంబర్‌లో రాజు ఆదేశం వచ్చింది, 2018 జూన్ 24న నిషేధం పోయింది. ప్రపంచమంతా ఫొటోలు, పండగ. దానికి కొన్ని వారాల ముందు, మే నెలలో, లుజైన్‌తో సహా అదే హక్కు అడిగిన చాలామంది మహిళల్ని అరెస్ట్ చేశారు. జైల్లో హింసించారని ఆమె కుటుంబం చెప్పింది, ప్రభుత్వం కాదంది. 2020 డిసెంబర్‌లో టెర్రరిజం కేసులు చూసే కోర్టు అయిదేళ్ల ఎనిమిది నెలల శిక్ష వేసింది, 2021 ఫిబ్రవరిలో విడుదలయ్యారు, దేశం దాటకుండా ఆంక్షలతో.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. ప్రభుత్వం వైపు వాదన ఏంటంటే సమాజం ఒక్కసారిగా మారదు, పైనుంచి క్రమంగా మార్చాలి, ఫలితాలు చూడండి అని. ఫలితాలు నిజంగానే ఉన్నాయి. 2019 నుంచి 21 ఏళ్లు దాటిన మహిళలు మగ సంరక్షకుడి పర్మిషన్ లేకుండా పాస్‌పోర్ట్ తీసుకుని ప్రయాణం చేయొచ్చు. 2017లో అయిదో వంతుకి అటూ ఇటూగా ఉన్న ఉద్యోగ భాగస్వామ్యం కొన్నేళ్లలోనే మూడో వంతు దాటింది. ఇది లక్షలమంది రోజువారీ బతుకు, చిన్న విషయం కాదు. రెండో వాదన, అడిగినవాళ్లని జైల్లో వేసి ఇచ్చేది హక్కు కాదు, రాజు దయ, దయ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పైగా 2022లో వచ్చిన కుటుంబ చట్టంలో పెళ్లికి మగ సంరక్షకుడు ఉండాలన్న నియమం రాతపూర్వకంగానే చేరింది. రెండిట్లోనూ నిజముంది, కానీ మొదటి వాదన చెప్పేటప్పుడు 1990 నాటి 47 మంది పేర్లు ఎత్తకపోవడం మాత్రం అన్యాయం.

ట్యునీషియాలో కూడా చట్టం పైనుంచే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1956లోనే దేశ నాయకుడు బుర్గీబా బహుభార్యత్వాన్ని నిషేధించారు. అయితే అక్కడ ఆ చట్టాన్ని దశాబ్దాల పాటు కాపాడుకున్నది మహిళా సంఘాలు, 2011 తిరుగుబాటు తర్వాత దాన్ని కదిలిస్తారేమోనని వీధుల్లోకి వచ్చిందీ వాళ్లే.

పరుగు పందెంలో గెలిస్తే ఎవరికేం మారుతుంది

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్ మొదటిసారి పెట్టారు, మొరాకోకి చెందిన నవాల్ అల్ ముతవక్కిల్ 54.61 సెకన్లలో గెలిచారు. ఒలింపిక్ గోల్డ్ తెచ్చిన మొదటి అరబ్ మహిళ. దేశం నెత్తిన పెట్టుకుంది, తర్వాత క్రీడా మంత్రి అయ్యారు. ఎనిమిదేళ్లకి 1992 బార్సిలోనాలో అల్జీరియా అమ్మాయి హసీబా బుల్మర్కా 1500 మీటర్లు గెలిచారు. అప్పటికి అల్జీరియాలో అంతర్యుద్ధం మొదలవుతోంది, షార్ట్స్ వేసుకుని పరిగెత్తినందుకు చంపేస్తామని బెదిరింపులు, దేశం వదిలి బెర్లిన్‌లో ప్రాక్టీస్ చేసుకోవాల్సి వచ్చింది. రెండూ గోల్డ్ మెడల్సే, రెండూ పక్కపక్క దేశాలే. కార్డు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చదువులో ముందు, ఉద్యోగంలో వెనక

2021 ఫిబ్రవరి 9న యూఏఈ హోప్ మిషన్ మార్స్ కక్ష్యలోకి చేరింది. దాని సైన్స్ టీమ్‌ని నడిపింది సారా అల్ అమీరి, ఆ సైన్స్ టీమ్‌లో 80 శాతం ఆడవాళ్లే. 2023 మేలో సౌదీ క్యాన్సర్ రీసెర్చర్ రయ్యానా బర్నావీ భూమి చుట్టూ కక్ష్యలోకి వెళ్లిన మొదటి అరబ్ మహిళ అయ్యారు. ఇవి ఒకటీ అరా అనుకోవద్దు, సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలు తీసుకునేవాళ్లలో ఆడవాళ్ల వాటా కొన్ని అరబ్ దేశాల్లో సగం దాటుతుందని యునెస్కో లెక్కలు. అమెరికా, యూరప్‌ల కంటే ఎక్కువ.

కానీ పనిచేసే వయసు ఆడవాళ్లలో ఉద్యోగంలో ఉన్నవాళ్లనీ వెతుక్కుంటున్నవాళ్లనీ కలిపి చూస్తే, ప్రపంచ సగటు సగానికి దగ్గరగా ఉంటే, ఈ ప్రాంతంలో అయిదింట ఒక వంతు చుట్టూ తిరుగుతుంది, ప్రపంచంలోనే తక్కువ. ఎందుకంటే సంస్కృతి అని ఒక్కమాటలో తేల్చేస్తారు చాలామంది. అది కొంతవరకే. జోర్డాన్, ఈజిప్ట్ లాంటి చోట్ల చదువుకున్న ఆడవాళ్లకి ఇన్నాళ్లూ దారి గవర్నమెంట్ ఉద్యోగం, టీచర్, నర్సు, ఆఫీసు. ఆ ఉద్యోగాలు తగ్గిపోయాయి, ప్రైవేటులో జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ, బస్సు సౌకర్యం లేదు, పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరు. మన ఇళ్లల్లో బీటెక్ చదివి ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిల్ని తలచుకుంటే ఈ లెక్క మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంటి స్థోమత కూడా లెక్కలోకి రావాలి. 360 డిగ్రీలు ఉండగా ఒక్కదానికే ఎందుకు అంటుకుని ఉండాలి అన్న ఆర్కిటెక్ట్ జహా హదీద్, 2004లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ గెలిచిన మొదటి మహిళ, బాగ్దాద్‌లో ఒక మంత్రి కూతురు, బీరూట్‌లోనూ లండన్‌లోనూ చదివారు. అయినా ఆవిడ గీసినవి కట్టలేమని ఏళ్ల తరబడి పక్కన పెట్టారు, కార్డిఫ్ ఒపెరా హౌస్ పోటీలో గెలిచినా కట్టనివ్వలేదు. డబ్బుంటే అంతా సులువని కాదు, కానీ అంత స్థోమత లేని బాగ్దాద్ అమ్మాయికి ఆ పోటీ గుమ్మం దాకా వెళ్లే దారే లేదు.

కువైట్ ఇళ్లల్లో మనవాళ్లు

ఇది మనకి నేరుగా తగిలే భాగం. కువైట్ మహిళలకి ఓటు 2005లో వచ్చింది, దాని కోసం ఏళ్ల తరబడి కోర్టులకీ వీధుల్లోకీ వెళ్లారు. 2009లో నలుగురు మహిళలు ఎంపీలుగా గెలిచారు, అదే ఏడాది భర్త సంతకం లేకుండా పాస్‌పోర్ట్ తీసుకోవచ్చని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. గొప్ప సంవత్సరమే. అదే కువైట్‌లో ఎన్నో ఇళ్లల్లో వంట చేసి పిల్లల్ని పెంచేది రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మన ఆడవాళ్లు. కఫాలా పద్ధతిలో వీళ్ల వీసా ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది, ఆ యజమాని (కఫీల్) ఒప్పుకోకుండా పని మారితే చట్టవిరుద్ధం, పారిపోతే కేసు, పాస్‌పోర్ట్ దాచుకోవడం నేరమైనా మామూలే. భర్త చేతిలోంచి ఒక మహిళ పాస్‌పోర్ట్ విడిపించుకున్న ఇంట్లోనే ఇంకో మహిళ పాస్‌పోర్ట్ బీరువాలో ఉండొచ్చు.

దీని మీద కూడా వాదనలున్నాయి. అక్కడి ఆడవాళ్లు ఉద్యోగాలకి వెళ్లగలుగుతున్నది ఇంటిపని వేరే పేద దేశాల ఆడవాళ్ల మీద పడటం వల్లే, కాబట్టి ఆ గెలుపుని సగమే గెలుపనాలి అంటారు కొందరు. కఫాలా పెట్టింది ఆడవాళ్లు కాదు, రాజ్యం, ఇంటిపని పంచుకోని మగవాళ్లని వదిలేసి తప్పంతా ఆడవాళ్ల మీద వేయడం అన్యాయం అంటారు మరికొందరు. 2015లో కువైట్ ఇంటి పనివాళ్ల కోసం వేరే చట్టం చేసింది, వారానికో సెలవు, రోజుకి 12 గంటలకి మించకుండా పని, ఏడాదికి జీతంతో సెలవులు అని. నాలుగు గోడల మధ్య జరిగే పనిని ఇన్‌స్పెక్టర్ వెళ్లి చూడటం కష్టం కాబట్టి అమలు చాలావరకు యజమాని మంచితనం మీదే ఆధారపడింది. అదే 2015లో బీరూట్‌లో ఇంటి పనివాళ్లు సొంతంగా యూనియన్ పెట్టుకున్నారు, ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు, లెబనాన్ కార్మిక సంఘాలు వెనక నిలబడ్డాయి. ప్రభుత్వం దాన్ని గుర్తించలేదు, వాళ్లు మాత్రం మీటింగులూ ఊరేగింపులూ మానలేదు.